కాలు విరిగిన నాలుగు

"తలుపు తియ్యి బాపూ! తియ్యకపోతే గడ్డపారతోని పెకిలిస్త!"

భీమేష్ గొంతు బొంగురుపోయింది. పొద్దున ఎనిమిదింటి నుంచి అరుస్తూనే ఉన్నాడు మరి. సిరిసిల్ల రోడ్డు మీద పోయే ఆటోలవాళ్లు కూడా నెమ్మది చేసి, షెడ్డు వైపు ఒక చూపు విసిరి పోతున్నారు. ఊరికి ఉచితంగా దొరికే వినోదం ఇది ఒక్కటే కదా.

లోపల ఉన్నది అతని తండ్రి ఎంకయ్య. కామారెడ్డిలో ఆయన చెయ్యి తగలని పాత బండి లేదని పేరున్న మెకానిక్కు. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో షెడ్డు లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాడు. తోడుగా టార్పాలిన్ కింద ఆ పొడుగు ఇటలీ బండి.

ఎంకయ్య భార్య భూమక్క చాయ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. ఆ చాయ మీద ఇప్పటికే మీగడ కట్టింది.

"ఓ భీమేష్ బాపూ, నా మాటిను. గా డోంగ్లి ఊరి పాత సామాన్లోడు దొంగ నంబర్ల బండి అంటగట్టి నిన్ను మోసం జేసిండు. అంతే గద! మోసపోయినోనికి సిగ్గెందుకు? మోసం జేసినోనికి ఉండాలె సిగ్గు."

లోపల ఏదో ఇనుప వస్తువు చేతిలోంచి జారి నేల మీద పడింది.

అనిల అత్తగారి ముఖం చూసింది, తర్వాత తలుపు చూసింది. పదిహేనేళ్లుగా ఈ ఇంటి కోడలు. మామ చేతిలోంచి పాన జారిపడడం ఆమె ఎన్నడూ వినలేదు.

ఇంత గొడవకూ కారణం మంచి ఉద్దేశమే. తండ్రి బతికుండగానే ఆ బండికి ఒక గుర్తింపు రావాలని భీమేష్ ఆశపడ్డాడు. హైదరాబాదులో పద్మప్రియ అని ఒకావిడ ఉంది. అరుదైన పాత ఇటలీ కార్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీయడమే ఆమె పని. ఏ నంబరు బండి ఏ ఓడలో దిగింది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది, ఇప్పుడు ఎక్కడ ఉంది, అన్నీ రాసి పెడుతుంది. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా అంత లోతుకు పోరు. భీమేష్ బండి ఫొటోలు పంపాడు. ఆమె లాన్సియా కంపెనీ బండి అని పోల్చుకుని, ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ ముద్ర తీసి పంపమంది.

ఆ పని అనిలకు కొట్టిన పిండి. రవాణా ఆఫీసు ఎదురుగా ఆమెకు చిన్న దుకాణం ఉంది. ఫారాలు నింపడం, జిరాక్సులు తీయడం, బండ్ల ఛాసిస్ ముద్రలు తీసి అంటించి ఇవ్వడం. పల్చటి కాగితం నంబరు మీద పెట్టి పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దితే, నల్లటి మరకలోంచి తెల్లగా అంకెలు పైకి తేలతాయి. నిన్న మధ్యాహ్నం అలాగే తీసి ఫోన్లో పంపింది. 18447.

ఈ పొద్దున పద్మప్రియ ఫోన్ చేసింది. అందరూ వినాలని భీమేషే స్పీకర్ పెట్టాడు, పాపం.

"18447 నంబరు బండి అసలు మన దేశానికే రాలేదండీ. అది ఇప్పటికీ వేరే దేశంలో, మొదటి యజమాని మనవడి దగ్గర పదిలంగా ఉంది. మీ బండి మీద అసలు నంబరు అరగదీసి, ఎవరో కొత్త నంబరు కొట్టారు."

ఎంకయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. షెడ్డులోకి నడిచాడు. గడియ పెట్టుకున్నాడు.

అంతే, అప్పటి నుంచి ఇదే తీరు.

అనిల ఫోన్ మోగింది. పేరు చూసి, పాత టైర్ల కుప్ప అవతలికి పోయి ఎత్తింది. ఎల్లారెడ్డి నుంచి అరుణజ్యోతి. భూమక్క తమ్ముడు పోచన్న కూతురు. ఈ రెండిళ్ల మధ్య మాటలు లేవు గనుక ఆ పిల్ల ఎప్పుడు చేసినా అనిలకే చేస్తుంది, చాటుగా.

"అక్కా, దవాఖానోల్లు బాపును ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఇంక మా చేతుల లేదన్నరు." గొంతు పొడిగా ఉంది. ఏడవడం అయిపోయినట్టుంది. "ఊపిరి అందుతలేదు. అత్తకు చెప్తవా? వస్తదని గాదు. చెప్పకపోతే మల్ల నన్నంటరు."

అనిల వెనక్కి తిరిగేసరికి భూమక్క అక్కడే ఉంది.

"ఎవరే?"

"ఎల్లారెడ్డి నుంచి అత్తమ్మా. పోచన్న మామకు మంచిగ లేదంట. ఇయ్యాల్నో రేపో అన్నట్టుంది."

భూమక్క ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"ఆ పేరు ఈ వాకిట్ల ఎత్తొద్దన్న గద. నాకు తమ్ముడు లేడు. బేడీలేసి ఈ రోడ్డు మీదికెల్లి నడిపిచ్చుకపోయిన్నాడే సచ్చిండు."

"అత్తమ్మా, ఆఖరి చూపు..."

"దొంగను ఏం సూస్తవ్?" అని, చల్లారిన చాయ పట్టుకుని మళ్లీ షెడ్డు తలుపు దగ్గరికి పోయింది.

ఆ కథ అనిల కాపురానికి వచ్చిన కొత్తలోనే విన్నది. ఎనభై మూడులో, దసరా పోయిన వారానికి. ఎల్లారెడ్డి దొరల పచ్చ రంగు ఇటలీ బండి మరమ్మతుకని ఈ షెడ్డుకు వచ్చింది. ఒకనాడు తెల్లారేసరికి మాయమైంది. ఎంకయ్య దగ్గర పని నేర్చుకుంటున్న బామ్మర్ది పోచన్నకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గర ఉందని ఠాణాలో అడిగితే, పోచన్న దగ్గరే ఉందని ఎంకయ్య చెప్పాడు. ఆరు నెలలు జైలు. బండి మాత్రం దొరకలేదు. ఆ తర్వాత రాఖీ పున్నమి ఎన్నిసార్లు వచ్చినా భూమక్క ఎవరి చేతికీ దారం కట్టలేదు.

పదేళ్లు గడిచాక ఎంకయ్య డోంగ్లి నుంచి ఈ నల్ల బండిని లారీ మీద తెచ్చాడు. మహారాష్ట్ర వాళ్ల తుక్కులో దొరికింది, దొర బండికి జత బండి అన్నాడు. రంగు వేరు, నంబరు వేరు. అప్పటికే దొరల కుటుంబం పట్నం పోయింది. అనుమానించే తీరిక ఎవరికి మాత్రం ఉంది?

* * *

పదకొండు గంటలకు అనిల దుకాణం తెరిచింది. ఇంట్లో ఏం జరుగుతున్నా రవాణా ఆఫీసుకు వచ్చే జనం ఆగరు కదా. కానీ షట్టరు సగం ఎత్తగానే పద్మప్రియ ఫోన్ వచ్చింది.

"అనిలగారూ, మీ వారు ఎత్తట్లేదు. ఒక్క మాట. ఇటువైపు వచ్చిన ఆ రకం బండి నా లెక్కలో ఒక్కటే ఉంది. 17209. ముంబై రేవులో దిగింది. నిజాంసాగర్ కడుతున్న రోజుల్లో ఒక ఇంజనీరు వాడాడు. అతను వెళ్లిపోతూ ఎల్లారెడ్డిలో ఒక దొరకు ఇచ్చాడు. ఎనభై మూడులో దొంగతనం కేసు. కేసు కాగితం నకలు కూడా నా దగ్గరుంది. ముద్దాయి పేరు పోచన్న. అక్కడితో జాడ తెగిపోయింది. మీ మామగారి పాత కాగితాలు ఏమైనా ఉంటే చూస్తారా?"

"చూస్త మేడం," అంది అనిల. షట్టరు సగంలోనే వదిలేసి స్టూలు మీద కూర్చుంది.

కాగితాలు ఎందుకు లేవు? ఎంకయ్యకు ఒక పట్టింపు ఉండేది. ఏ బండి చేతికి వచ్చినా, స్క్రూ విప్పే ముందు నంబరు మీద పెన్సిల్ ముద్ర తీయాల్సిందే. తేదీ వేసి రిజిస్టరులో అంటించాల్సిందే. మొక్కుబడి కాదు, అదొక నిష్ఠ. దేవుడికి దండం పెట్టకుండా పని మొదలుపెట్టేవాడేమో గానీ, ముద్ర లేకుండా మొదలుపెట్టేవాడు కాదు. ఆ రిజిస్టర్లన్నీ షెడ్డు కారుతోందని రెండేళ్ల కింద అనిలే తెచ్చి దుకాణం అటక మీద పెట్టింది.

నిన్నటి ముద్ర బల్ల మీదే ఉంది, గాలికి ఎగిరిపోకుండా పాన బరువు పెట్టి. ఆ పాన కూడా షెడ్డుదే. ఎవరూ ఎత్తుకుపోకుండా ఎంకయ్య తన పనిముట్లన్నిటి మీదా పంచీలతో, అంటే అంకెల ఇనుప అచ్చులతో, నంబర్లు కొట్టుకున్నాడు. ఈ పాన నంబరు 44. నాలుగు అంకె పంచీ ఎప్పుడో కొస విరిగింది. అందుకే షెడ్డులో ప్రతి నాలుగూ కింద కాలు లేకుండా కుంటుతూ ఉంటుంది. దాన్ని చూసి ఆమె కొడుకు నవ్వేవాడు చిన్నప్పుడు.

పాన ఎత్తింది. కింద కాగితం మీద 18447. రెండు నాలుగులు. రెండిటికీ కాళ్లు లేవు.

అనిల చాలాసేపు అలాగే చూసింది. నిన్న తన చేతులతో తీసిన ముద్రే. రోజూ కళ్ల ముందున్న అంకెను గుర్తుపట్టలేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

అటకెక్కి ఎనభై మూడు, ఎనభై నాలుగు రిజిస్టరు దింపింది. పేజీలు తిప్పింది. దసరా ముందు లారీలు, జీపులు, డాక్టరుగారి ఫియట్. దసరా తర్వాత మూడు నెలలకు పైగా ఖాళీ. షెడ్డు మూతపడ్డ రోజులన్నమాట. దొర బండి స్క్రూ విప్పకముందే మాయమైంది గనుక దానికి ముద్ర లేదు. తర్వాత ఒక పేజీ మధ్యలో ఒక్కటే ముద్ర.

17209. అంకెలు సన్నగా, ఒద్దికగా, ఏ కాలూ విరగకుండా ఉన్నాయి. పక్కన ఎంకయ్య చేతిరాత: 'డోంగ్లి, 9 ఫిబ్రవరి 1984.'

ఫిబ్రవరిలో పోచన్న జైల్లో ఉన్నాడు.

బండి మాత్రం ఎంకయ్య చేతి కింద ఉంది. అసలు నంబరు అరగదీసే ముందు, పాడు అలవాటు, దానికీ ముద్ర తీసుకున్నాడు.

"ఈడున్నవా? బాపు ఇంక తలుపు తియ్యలె," అంటూ భీమేష్ లోపలికి వచ్చాడు. ఆమె మాట్లాడకుండా పేజీ చూపించింది, పాన చూపించింది. అతను రెండూ మార్చి మార్చి చూశాడు. మెకానిక్కు కొడుకు, తానూ మెకానిక్కు. విడమరిచి చెప్పే పని పడలేదు.

"ఎవరికన్న చెప్పినవా?"

"ఇంక లేదు."

"చెప్పకు." గొంతు తగ్గించాడు. "ఆ పేజీ చింపు. కాలబెడ్దాం."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"నేనేం మాట్లాడుతున్ననా? డెబ్భై ఎనిమిదేండ్ల మనిషిని ఠాణాకు పంపుతవా అనిలా?"

"పోచన్న మామను ఇరవై నాలుగేండ్లకే పంపిండ్రు గద."

"ఆయన శిక్ష అయిపోయింది. ఇప్పుడు తవ్వితే ఏమొస్తది?"

"అయిపోయిందా?" అనిలకు ఒళ్లు మండింది. "జైలు నుంచి వచ్చినంక ఆయన చేతికి ఒక్కడన్న తాళంచెవి ఇచ్చిండా? అంత పని వచ్చిన మనిషి ఇటుకబట్టీల బూడిద మింగుకుంట బతికిండు. ఇప్పుడు ఊపిరాడక పోతున్నడు. సొంత అక్క దొంగ అనుకుంటుండంగనే పోవాల్నా?"

"నా తండ్రే ఆయన..." భీమేష్ మాట తడబడింది. "నా తండ్రి గదనే. నేనే ఫొటోలు పంపిన. నేనే ఆయన్ని పట్టిచ్చిన." రిజిస్టరు మీద చెయ్యి వేసి లాగాడు. ఆమె వదల్లేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఇద్దరూ ఒక వస్తువు కోసం పెనుగులాడడం ఇదే మొదలు.

"ఏం కాయితమది?"

షట్టరు కింద భూమక్క. కోడలి కోసం వచ్చిందో, కొడుకును పిలవడానికి వచ్చిందో. ఎంతసేపైందో ఎవరికీ తెలియదు.

భీమేష్ చెయ్యి తీసేశాడు. "ఏం లేదవ్వా. పాత లెక్కలు."

భూమక్క లోపలికి వచ్చి రిజిస్టరు ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు. అంకెల వంక చూడనే లేదు. వేలితో ఆ ముద్ర కాగితం అంచు తడిమింది. అంచు చుట్టూ పసుపు పచ్చగా ఎండిన గంజి గీత ఉంది.

"గివన్నీ నేనే అంటువెట్టిన," అంది. "ఆయన తేవుడు, నేను గంజి మెతుకులతోని అంటువెట్టుడు. భీమేష్ చంకల ఉండంగ కూడ. ఇది ఏ బండిది?"

భీమేష్ తల తిప్పుకున్నాడు.

"కోడలా, నిన్నడుగుతున్న. ఇది ఏ బండిది?"

అనిల చెప్పింది. తేదీ చెప్పింది, మేడం దగ్గరున్న కేసు కాగితంలో పోచన్న పేరు ఉందని చెప్పింది. కాలు విరిగిన నాలుగు సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపూ భూమక్క వేలు ఆ గంజి గీత మీదే ఉంది.

"నా చేతులతోనే," అంది చివరికి. రిజిస్టరు మూసి అడిగింది: "ఎల్లారెడ్డి బస్సు ఎన్నింటికి?"

* * *

బస్టాండుకు పోయే ముందు ఆమె షెడ్డు దగ్గర ఆగింది. అనిల పక్కనే ఉంది, రిజిస్టరు సంచిలో పెట్టుకుని.

"ఓ అయ్యా," అని పిలిచింది భూమక్క. గొంతు పెంచలేదు. "ఫిబ్రవరిల నువ్వు తెచ్చిన కాయితం దొరికింది. నేను అంటువెట్టిందే."

ఈసారి లోపల మనిషి కదిలిన అలికిడి. తలుపుకు దగ్గరగా వచ్చాడు. పలక సందులోంచి మాట వినిపించింది, ముసలి మాట.

"దొర ఆ బండిని ముక్కలు కోపిచ్చి, ఇంజన్ బాయి పంపుకు పెడ్తనన్నడే. నా పానం ఒప్పలె. అసొంటి బండి మల్ల పుట్టదు. రెండు దినాలు డోంగ్లిల దాస్త, దొర మనసు మారినంక తెచ్చిస్త అనుకున్న. పోచన్నను పట్కపోతరని నేను అనుకోలె భూమీ."

"పట్కపోయినంక?"

సందులోంచి కనిపిస్తున్న నీడ పక్కకు జరిగింది.

"పట్కపోయినంక నోరెందుకు తెరవలె? నేను నీ ముంగట కూసొని ఏడ్సినప్పుడు ఎందుకు తెరవలె? దొంగ తమ్ముడు నాకొద్దు అని నేను నెత్తిగొట్టుకున్నప్పుడు, పక్కన కూసొని బువ్వ తింటివి గద?"

లోపల ఒక చప్పుడు మొదలైంది. ఇనుము మీద ఆకురాయి. ఒక్కసారి, రెండుసార్లు, ఇక ఆగకుండా.

"బాపూ! ఏం జేస్తున్నవ్?" భీమేష్ తలుపు మీద పడ్డాడు.

భూమక్క చీర కొంగు నడుముకు దోపుకుంది. "కూడు తింటనంటే పెట్టు," అని కొడుకుతో చెప్పి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది.

బస్సులో అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు. లింగంపేట దాటింది. మొక్కజొన్న చేలు ఎండి నిలబడ్డాయి. సంచి భూమక్క ఒళ్లో ఉంది. నలభై కిలోమీటర్ల దారి, అంతే. మనిషి తలుచుకుంటే పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరం. ఈమెకు నలభై ఏళ్లు పట్టింది. అనిలకు అత్తగారి మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఒక్కనాడన్నా తమ్ముణ్ని నిలబెట్టి అడిగి ఉండకూడదా?

పోచన్న ఇల్లు మార్కెట్ వెనక సందులో. రెండు గదులు. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు. అరుణజ్యోతి గడపలో నిలబడి చూసింది గానీ రమ్మనలేదు. నలభై దగ్గర పడ్డ మనిషి. ఒక పెళ్లి సంబంధం దొంగబిడ్డ అని తప్పిపోయాక మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదని అనిలకు తెలుసు. భూమక్క కూడా ఆమెను ఏమీ అడగలేదు. పక్కకు తప్పుకుని లోపలికి పోయింది.

మంచంలో ఎముకల గూడు ఒకటి ఉంది. కళ్లు మాత్రం భూమక్క కళ్లే.

"అక్కనా?" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "బావ చెప్పిండా?"

భూమక్క నోట్లో సిద్ధంగా ఉన్న మాటలన్నీ ఎటో పోయాయి. "నీకు... నీకు తెల్సా?"

"తెల్వకపోవుడేంది అక్కా." నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. అరుణజ్యోతి వచ్చి వీపు పట్టుకుంది. తేరుకున్నాక మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు. "ఆ బండిని స్టార్ట్ జేసుడు కామారెడ్డిల ఇద్దరికే వస్తుండె. నేను జెయ్యలె. ఇగ ఎవరు?"

"మరి ఠాణాల ఎందుకు చెప్పలె? కొడుతుంటే కూడ ఎందుకు చెప్పలె నాయినా?"

"నీ చంకల భీమేష్ మూడు నెల్ల పోరడు. బావ లోపలికి పోతే నువ్వు ఎవరింటికి పోతుంటివి? నాకు అప్పటికి పెండ్లామా, పిల్లలా? ఆరు నెల్లే గద అనుకున్న." ఊపిరి కోసం ఆగాడు. "నువ్వు కూడ దొంగే అంటవని మాత్రం అనుకోలె."

అనిల గోడకు ఆనుకుంది. అత్తగారు ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. తమ్ముడి పాదాలు రెండు చేతులతో పట్టుకుని అలాగే వంగిపోయింది. పెద్దది చిన్నవాడి కాళ్లు పట్టుకోకూడదని కూడా తోచలేదు ఆమెకు.

అరుణజ్యోతి వీపు మీది చెయ్యి తీసేసింది. ఆమె ముఖం చూస్తే ఈ మాట ఆమెకూ కొత్తే అని తెలుస్తోంది.

"నాకు కూడ చెప్పలె నువ్వు," అంది తండ్రితో. "ఇన్నేండ్లు నేను జెయ్యలె, నేను జెయ్యలె అన్నవే గని, ఎవరు జేసిండ్రో చెప్పలె. అక్క కోసం దొంగవైతివి. మంచిదే బాపూ. మరి నేనెవరి కోసం దొంగబిడ్డనైన?"

పోచన్న కళ్లు మూసుకున్నాడు.

ఫోన్ మోగింది. భీమేష్. అనిల పక్కకు తిరిగి ఎత్తింది గానీ, అతను ఏడుస్తూ అరుస్తున్నాడు. ఆ చిన్న గదిలో అందరికీ వినబడింది.

"బాపు తలుపు తీసిండు. నంబరు మొత్తం అరగదీసిండు అనిలా. నున్నగ జేసిండు, ఒక్క గీత లేదు. చేతులు రక్తం కారుతున్నయ్. ఏం మాట్లాడుతలేడు. ఇగ ఆ కాయితం ఒక్కటే ఉన్నది. అవ్వ కాళ్లు మొక్కుత. చింపెయ్యమను."

నిన్న తీసిన ముద్ర ఉన్నా, సరిపోల్చడానికి ఇక బండి మీద ఏమీ లేదు. అనిల సంచి వైపు చూసింది. భూమక్క కూడా చూసింది. రిజిస్టరు బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది.

పోచన్న చెయ్యి దుప్పటి కిందినుంచి వచ్చి అక్క మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కడ మిగిలిందో.

"చింపెయ్యక్కా. నేను పోతున్న మనిషిని. నాకెందుకు ఇప్పుడు మంచి పేరు? ముసలోడు ఆడ..." మాట సగంలో ఆగింది. "నువ్వొస్తివి. సాలు నాకు."

"నాకు సాలదు," అంది అరుణజ్యోతి. అరవలేదు. కన్నీళ్లు కూడా లేవు. మేనత్త వంకే చూస్తూ నిలబడింది.

భూమక్క ఆ పిల్లను చూసింది. తమ్ముడిని చూసింది. ఒళ్లో ఉన్న పేజీని, తన చేతి గంజిని చూసింది. నలభై ఏళ్ల కిందట అడగవలసిన మాట అడగని మనిషి, ఇప్పుడు ఏం చేస్తుందో అనిలకు అంతుపట్టలేదు. చించినా చించుతుందని భయపడింది.

"ఆ హైదరాబాద్ మేడంకు ఫోన్ కలుపు," అంది భూమక్క.

"వద్దక్కా..."

"కలుపు కోడలా."

అనిల కలిపి, స్పీకర్ పెట్టి, అత్తగారి ముందు పట్టుకుంది. రెండు రింగుల తర్వాత పద్మప్రియ గొంతు వచ్చింది. "అనిలగారా? చెప్పండి, కాగితాలేమైనా దొరికాయా?"

"అనిల గాదమ్మా. నా పేరు భూమక్క." ఆమె పేజీ మీద అరచెయ్యి పరిచింది, ఎవరూ లాక్కోకుండా. "నువ్వు దేవులాడుతున్న దొర బండి మా షెడ్డులనే ఉన్నది. కాయితం నా దగ్గరున్నది, నేనే తెచ్చిస్త. నువ్వు పుస్తకంల పోచన్న అని ఒక పేరు రాసుకున్నవంట. గా పేరు కొట్టెయ్యి బిడ్డా."

"మీరు ఆయనకు ఏమవుతారండీ?"

"అక్కను. ఇన్నేండ్లు దొంగకు అక్కననుకొని బతికిన. కాదు. నేను దొంగకు పెండ్లాన్ని."

అరుణజ్యోతి నిలబడ్డచోటే కూలబడి, అప్పుడు మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఫోన్లో పద్మప్రియ ఏదో అడుగుతోంది. అనిలకు అదేమీ వినబడలేదు. అత్తగారి మణికట్టు మీద ఇందాక బిగుసుకున్న చెయ్యి ఇప్పుడు మంచం పట్టీ మీద నుంచి కిందికి వేలాడుతోంది. అది ఎప్పుడు జారిందో, చివరి మాట ఆయన చెవిన పడ్డాక జారిందో, పడకముందే జారిందో, ఆ గదిలో ఎవరూ చూసుకోలేదు.